పాత తెప్పకు ఏ మోటారు? ఏ ఫ్యాన్? కొనేముందు కొలవండి

(రాయితీ మోటార్ల లబ్ధిదారుల అవగాహన సమావేశంలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం. ఫోన్‌లో దాచుకోండి, మీ సంఘం గ్రూపులో పంచండి.)



వేట నిషేధం రోజులివి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకునేది ఇప్పుడే, తెప్ప తిరగేసి అడుగు చూసుకునేదీ ఇప్పుడే. అందుకే ఈ మాటలు చెప్పడానికి ఈ రోజుల్ని ఎంచుకున్నాను.

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. నేను మెకానిక్‌ని కాదు, చదివింది జర్నలిజం. ప్రభుత్వ పథకాల గురించి మీకు అర్థమయ్యేలా రాయడం నా ఉద్యోగం. మరి మోటార్ల గురించి నేనెందుకు మాట్లాడుతున్నానంటే, దానికి ఒక కారణం ఉంది.

కొన్నాళ్ల కిందట రాయితీ మీద మోటారు తీసుకున్న ఒక పెద్దాయన మీద విజయగాథ రాద్దామని వెళ్లాను. ఫొటోగ్రాఫర్‌ని కూడా తీసుకెళ్లాను. ఆయన్ని చిన్నప్పట్నుంచీ ఎరిగినట్టే బాబాయ్ అని పిలిచాను. ఆయన నవ్వి, "బాబూ, ఫొటో తీసుకోండి. కానీ మోటారు నడవట్లేదని మాత్రం రాయకండి, పరువు పోద్ది" అన్నారు. మోటారు ఇంటి వసారాలో టార్పాలిన్ కప్పుకుని ఉంది. కొని నాలుగు నెలలైంది. తన వాటా డబ్బు కోసం వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పుకి వడ్డీ నడుస్తోంది. ఆయన మాత్రం మళ్లీ పాత ఇంజిన్ మీదే వేటకు పోతున్నారు.

మోటారు చెడిపోయిందా అంటే లేదు. అది కొత్తది, మంచిది. ఆ తెప్పకు సరిపడలేదు, అంతే.

ఇంటికొచ్చి, ఆ పథకం గురించి నేనే రాసిన కరపత్రం తీసి చూసుకున్నా. రాయితీ ఎంత, ఏ కాగితాలు కావాలి, చివరి తేదీ ఎప్పుడు, అన్నీ ఉన్నాయి. "మీ తెప్ప కొలిచి మోటారు ఎంచుకోండి" అన్న ఒక్క మాట లేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ ప్రసంగం. ఇందులో చెప్పే సంగతులు మెకానిక్‌ల దగ్గర, బోటు కట్టే మేస్త్రీల దగ్గర, మోటారు పుస్తకాల్లో నేర్చుకున్నవి.

చెప్పేది ఒక్కటే. మోటారును ఎంచుకునేది దుకాణంలో కాదు, మీ తెప్ప దగ్గర.

1. ముందు వెనక పలక చూడండి

మోటారు తగిలించే వెనక పలకే మొత్తం బరువు మోస్తుంది. బరువొక్కటే కాదు, తెప్పను ముందుకు తోసే బలమంతా ఆ పలక మీదుగానే పోతుంది. కెరటం మీద తెప్ప ఎగిరి పడ్డప్పుడు మోటారు ఆ పలకను గునపం పెట్టి పెకలించినట్టు లాగుతుంది.

పాత ఫైబర్ తెప్పల్లో చాలావాటికి ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. పైన ఫైబర్ పొర నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల చెక్క నానిపోయి ఉంటుంది. బయటికి కనపడదు. మీరే చేసుకోగల పరీక్షలు నాలుగున్నాయి.

మొదటిది, చిన్న సుత్తితో పలకంతా మెల్లగా తట్టండి. గట్టి చెక్క టక్ టక్ మంటుంది. నానిన చోట బొద్దుగా, చచ్చిన శబ్దం వస్తుంది.

రెండోది, బోల్టులు విప్పి రంధ్రాలు చూడండి. గోధుమరంగు నీరు కారినా, చెక్క పొడిలా రాలినా లోపల కుళ్లినట్టే.

మూడోది, పలక పక్కలకు కలిసే మూలలు చూడండి. అక్కడ వెంట్రుకంత పగుళ్లున్నా జాగ్రత్త పడాలి.

నాలుగోది, పాత మోటారు తగిలించి ఉండగా దాని కాలు పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. మోటారుతో పాటు పలక కూడా కదిలితే దాని పని అయిపోయినట్టే.

చెక్క నావ అయితే పలక దగ్గర మేకులు తుప్పు పట్టాయా, సందుల్లోంచి నీరు ఊరుతుందా చూసుకోండి.

పలక బాగోలేదంటే మోటారు కంటే ముందు పలకకే డబ్బు పెట్టండి. కొత్త పలక కట్టడానికి, అది ఆరడానికి రోజులు పడతాయి. వేట ఉన్న రోజుల్లో అది కుదరదు, ఈ 61 రోజుల్లోనే చేయించుకోవాలి.

2. పలక ఎత్తు కొలవండి

దుకాణంలో మోటారు అడిగితే "షార్టా, లాంగా?" అంటారు. అది మోటారు కాలు పొడవు. షార్ట్ అంటే సుమారు 15 అంగుళాల ఎత్తు పలకకు, లాంగ్ అంటే సుమారు 20 అంగుళాల ఎత్తు పలకకు. 25 అంగుళాలవీ ఉన్నాయి.

కొలిచే పద్ధతి తేలికే. పలక మధ్యలో, మోటారు కొక్కెం కూర్చునే పై అంచు నుంచి తెప్ప అడుగు దాకా టేపు నిలువుగా పెట్టండి. పలక వాలుగా ఉంటే వాలు వెంట కాదు, నిట్టనిలువుగా కొలవాలి. ఆ అంకె కాగితం మీద రాసుకోండి.

ఇదెందుకంటే, ఫ్యాన్‌కి పైన మోటారు కాలికి ఒక చదునైన రేకు ఉంటుంది. అది తెప్ప అడుగుకి సమానంగా గానీ, అంగుళం కిందికి గానీ ఉండాలి. అంతకంటే పైన ఉంటే ఫ్యాన్ నీటి బదులు గాలి పీల్చుకుంటుంది. మోటారు గొంతు చించుకుని అరుస్తుంది, తెప్ప మాత్రం కదలదు. కెరటం దాటాల్సిన క్షణంలో ఇలా జరిగితే ఎంత ప్రమాదమో నాకంటే మీకే బాగా తెలుసు. మరీ కిందికి ఉంటే కాలు నీటిని చీల్చుకుంటూ పోవాలి, ఇంధనం ఎక్కువ తాగుతుంది. దరికొచ్చేటప్పుడు ఇసకకు కొట్టుకుంటుంది.

ఆ బాబాయ్ గారి తెప్పకు పలక ఎత్తు 15 అంగుళాలు. ఆయనకొచ్చింది లాంగ్ మోటారు. రేకు తెప్ప అడుగుకి అయిదంగుళాలు కిందికి వేలాడుతోంది. ఆయన చెప్పిన మొదటి ఫిర్యాదు, "దరికొచ్చేసరికి కాలు నేలకు తగులుతోంది" అనే. ఎవరూ టేపు పెట్టి చూడలేదు.

3. ఎన్ని హెచ్.పి. కావాలి?

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. "పక్కోడు 25 పెట్టాడు, మనం 15 పెడితే వెనకబడతాం" అనుకుంటాం. పాత, బరువైన తెప్పకు ఆ లెక్క చెల్లదు.

బరువుతో నీళ్లను తోసుకుంటూ పోయే తెప్పకు దాని పొడవును బట్టి ఒక వేగం హద్దు ఉంటుంది. అది దాటాలంటే తన ముందు తానే లేపిన కెరటాన్ని తెప్ప ఎక్కాల్సి వస్తుంది. బరువైన తెప్ప ఎక్కలేదు. ఎంత బలం పెట్టినా వెనక భాగం కుంగుతుంది, ముందు భాగం లేస్తుంది, నురగ పెరుగుతుంది. వేగం మాత్రం పెద్దగా పెరగదు.

ఆ హద్దు తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. తెప్ప నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకోండి. దాని వర్గమూలాన్ని రెండున్నరతో గుణించండి. గంటకు ఇన్ని కిలోమీటర్లని వస్తుంది.

నీటిలో 16 అడుగులుంటే: గంటకు సుమారు 10 కి.మీ.
20 అడుగులుంటే: సుమారు 11 కి.మీ.
25 అడుగులుంటే: సుమారు 12.5 కి.మీ.
30 అడుగులుంటే: సుమారు 13.5 కి.మీ.

కొత్త, తేలికైన ఫైబర్ బోటు ఖాళీగా ఉంటే పెద్ద మోటారుతో నీటిపైకి లేచి ఈ హద్దు దాటగలదు. ఇరవయ్యేళ్ల తెప్ప, వలలు, ఐసు, నలుగురు మనుషులతో దాటదు. పైగా పాత తెప్ప ఏటేటా బరువెక్కుతుంది. లోపలి ఫోమ్ నీరు పీలుస్తుంది, రిపేరు చేసిన ప్రతిసారీ ఒక పొర ఫైబర్ చేరుతుంది. కొత్తలో నీటి గుర్తు ఎక్కడుండేది, ఇప్పుడు ఎక్కడుందో చూడండి. ఎంత కుంగితే అంత బరువు పెరిగినట్టు.

మరి ఎంత మోటారు పెట్టాలి? ఇలాంటి తెప్పలకు మామూలుగా వాడే లెక్క, మొత్తం బరువు టన్నుకు సుమారు 5 హెచ్.పి. మొత్తం బరువంటే తెప్ప, మోటారు, వలలు, ఐసు, ఇంధనం, మనుషులు, పట్టిన చేపలు, అన్నీ కలిపి. రెండు టన్నులైతే 10 హెచ్.పి. దగ్గర. ఎదురుగాలి ఎక్కువగా తగిలేచోట, పెద్ద కెరటం దాటాల్సిన రేవుల్లో ఇంకొంచెం కలుపుకోండి. అంతకు రెట్టింపు పెట్టడం మాత్రం డబ్బు నీళ్లలో పోసినట్టే.

ఎంత డబ్బో లెక్క చూద్దాం. పెట్రోల్ మోటారు పూర్తి వేగంలో 10 హెచ్.పి.కి గంటకు సుమారు 4 లీటర్లు తాగుతుంది. పోనూ రానూ రోజుకు 4 గంటల ప్రయాణం అనుకోండి. 10 హెచ్.పి.కి 16 లీటర్లు, 25 హెచ్.పి.కి 40 లీటర్లు. తేడా 24 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకుంటే రోజుకు 2,640 రూపాయలు. నెలలో 20 రోజులు వేటకెళ్తే 52,800 రూపాయలు. మోటారు మీద వచ్చిన రాయితీ కొన్ని నెలల్లోనే పెట్రోల్ బంకు పాలవుతుంది.

"పెద్దది కొని మెల్లగా నడుపుతాంలే" అనొచ్చు. కానీ దాని ధర ఎక్కువ, బరువు ఎక్కువ. 15 హెచ్.పి. టూ స్ట్రోక్ మోటారు 35 నుంచి 40 కిలోలుంటే, 40 హెచ్.పి.ది 70 కిలోలు దాటుతుంది. ఆ బరువంతా మోయాల్సింది మనం ఇందాక సుత్తితో తట్టి చూసిన పలకే.

ఇంకో మాట. ఉన్న మోటారుతోనే వేగం 10 శాతం తగ్గించి చూడండి. గంటకయ్యే ఇంధనం సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. గంట ప్రయాణానికి ఆరేడు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.

4. పెట్రోలా, కిరోసినా, డీజిలా?

టూ స్ట్రోక్ పెట్రోల్ మోటారు తేలిక, విప్పి బిగించడం సులువు. కానీ పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా తాగుతుంది. ఎంత ఆయిల్ కలపాలో మోటారు పుస్తకంలో ఉంటుంది. 50కి 1 అని ఉంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్లు. కంటి అంచనాతో పోయకండి, కొలగిన్నె పెట్టుకోండి.

ఫోర్ స్ట్రోక్ మోటారు ఇంధనం తక్కువ తాగుతుంది, పొగ తక్కువ. కానీ బరువెక్కువ, ధర ఎక్కువ. వేళకు ఇంజిన్ ఆయిల్ మార్చాలి. ఒడ్డు మీద పడుకోబెట్టేటప్పుడు పుస్తకంలో చూపిన వైపుకే పడుకోబెట్టాలి.

కిరోసిన్ మోటారును పెట్రోల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చాలి. ఆపే ముందు మళ్లీ పెట్రోల్ మీద కాసేపు నడపాలి. ఇది మరిచిపోతే మర్నాడు తెల్లారుజామున స్టార్ట్ కాదు. ప్లగ్గులకు మసి ఎక్కువ పడుతుంది. మీ ఊళ్లో కిరోసిన్ నిలకడగా దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి.

పొడవు తోక డీజిల్ ఇంజిన్ మన తీరంలో అందరికీ తెలిసిందే. తోక పైకెత్తి నిస్సారు నీటిలోనూ దరికి రావచ్చు. ఇంధనం పొదుపు. కానీ బరువు, అదురు ఎక్కువ. పాత తెప్ప కీళ్లన్నీ ఆ అదురుకు వదులవుతాయి.

ఇక్కడ ప్రభుత్వ లెక్క ఒకటి గుర్తుంచుకోండి. మన రాష్ట్రంలో వేట బోట్లకు ఇచ్చే ఇంధన రాయితీ డీజిల్ మీద. 2019లో దాన్ని లీటరుకు 6 రూపాయల 3 పైసల నుంచి 9 రూపాయలకు పెంచారు. పెట్రోల్ మోటారు కొనేవాళ్లు ఆ రాయితీ వస్తుందనుకుని లెక్క వేసుకోకండి.

ఏది మంచిదని అడిగితే, మీ రేవును బట్టి అంటాను. కెరటం విరిగే బహిరంగ ఒడ్డున దిగేవాళ్లకు తేలిక, గబుక్కున పైకెత్తగలగడం ముఖ్యం. ఏరు మొగల్లో, హార్బరులో కట్టుకునేవాళ్లు కాస్త బరువైనా ఇంధనం పొదుపు చేసేది చూసుకోవచ్చు. ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. మీ ఊరికి దగ్గర్లో ఆ మోటారు బాగుచేసే మనిషి, విడిభాగాలు ఉన్నాయా? లేకపోతే ఎంత మంచి మోటారైనా వద్దు.

5. ఫ్యాన్: అందరం మరిచిపోయేది ఇదే

మోటారుతో పాటు వచ్చిన ఫ్యానే దానికి సరైనదనుకుంటాం. కాదండీ. చాలాసార్లు అది తేలికైన బోటును దృష్టిలో పెట్టుకుని బిగించినదై ఉంటుంది.

ఫ్యాన్ మీద రెండు అంకెలుంటాయి. తొమ్మిదింపావు ఇంటూ పది అని ఉందనుకోండి. మొదటిది ఫ్యాన్ అడ్డంగా ఎన్ని అంగుళాలో చెబుతుంది. రెండోది పిచ్, అంటే ఒక్క చుట్టుకు ఫ్యాన్ లెక్క ప్రకారం ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో చెబుతుంది. చెక్కలోకి మరమేకు దిగినట్టన్నమాట.

పిచ్ అంటే గేరు లాంటిది. అన్నవరం కొండ మీదికి నిండా జనంతో ఉన్న ఆటోను టాప్ గేరులో ఎక్కించండి. ఇంజిన్ గుక్కపట్టి, పొగ వదిలి, ఆగిపోతుంది. గేరు తగ్గిస్తే అదే ఇంజిన్ ఎక్కేస్తుంది. బరువైన తెప్పకు ఎక్కువ పిచ్ ఉన్న ఫ్యాన్ పెట్టడం టాప్ గేరులో కొండెక్కడమే.

అంకెల్లో చూద్దాం. మోటారు నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతోంది. గేరు పెట్టెలో సగానికి తగ్గి ఫ్యాన్ 2,500 చుట్లు తిరుగుతుంది. పిచ్ 10 అంగుళాలైతే లెక్క ప్రకారం గంటకు 38 కిలోమీటర్లు పోవాలి. మీ తెప్ప హద్దేమో 12 కిలోమీటర్లు! మిగతాదంతా నీటిని చిలకడమే. పిచ్ 8 అయితే ఆ లెక్క 30 కిలోమీటర్లకు దిగుతుంది, మోటారుకు భారం తగ్గుతుంది. మెల్లగా పోయే బరువైన తెప్పకు తక్కువ పిచ్, మోటారుకు పట్టినంత వెడల్పు ఫ్యాన్ కావాలి. నాలుగు రెక్కల ఫ్యాన్ దొరికితే బరువు మీద పట్టు ఇంకా బాగుంటుంది. తోసే బలం కోసమని గేరు ఎక్కువ తగ్గించి, పెద్ద ఫ్యాన్‌తో తయారుచేసే మోటార్లు కూడా ఉన్నాయి. దుకాణంలో అడగండి.

ఫ్యాన్ సరైనదో కాదో తేల్చే పరీక్ష ఒక్కటే. వలలు, ఐసు, మనుషులు, అంటే వేటకు పోయే బరువంతా ఎక్కించండి. అలలు తక్కువున్నచోట మోటారు రెండు మూడు నిమిషాలు పూర్తి వేగంలో నడపండి. మెకానిక్ దగ్గర చుట్లు కొలిచే మీటరు ఉంటుంది. వచ్చిన అంకెను పుస్తకంలోని అంకెతో పోల్చండి. ఉదాహరణకు పుస్తకంలో 5,000 నుంచి 6,000 అని ఉందనుకోండి.

అందులోపు వస్తే: ఫ్యాన్ సరైనది.
తక్కువొస్తే: పిచ్ తగ్గించాలి. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి.
ఎక్కువొస్తే: పిచ్ పెంచాలి. లేదా ఫ్యాన్ గాలి పీలుస్తోందేమో, మధ్యలోని రబ్బరు బుష్ జారుతోందేమో చూడాలి.

చుట్లు అందుకోని మోటారును అలాగే నడిపితే మసి పేరుకుంటుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి, మోటారు వేడెక్కుతుంది. రెండు మూడేళ్లలో "మోటారే మంచిది కాదు" అంటాం.

బాబాయ్ గారి మోటారు పూర్తి వేగంలో 4,600 దాటలేదు. పుస్తకంలో ఉన్నది 5,000 నుంచి 6,000. ఫ్యాన్ పిచ్ 10. ఇదంతా ఒక్క పూటలో తేలింది. అది కూడా ఒక మెకానిక్ జాలిపడి మీటరు పట్టుకొచ్చాడు గనక.

ఫ్యాన్ అల్యూమినియందా, స్టీలుదా అని కూడా అడుగుతారు. ఇసక ఒడ్డున దిగేవాళ్లకు అల్యూమినియం చాలు. రాయికి తగిలితే రెక్క వంగుతుంది గానీ, దెబ్బ చాలావరకు గేరు పెట్టె దాకా పోదు. ఎప్పుడూ ఒక ఫ్యాన్, దాని పిన్నులు అదనంగా తెప్పలోనే ఉంచుకోండి.

6. కాగితాల దగ్గర జాగ్రత్తలు

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లబ్ధిదారుల వ్యక్తిగత యూనిట్లకు రాయితీ జనరల్ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం. బీసీ సోదరులు జనరల్ లెక్కలోకే వస్తారు. ఈ శాతం మీరు కొన్న ధర మీద కాదు, యూనిట్‌కు నిర్ణయించిన ధర మీద లెక్క కడతారు. అంతకు మించిన ప్రతి రూపాయీ మీదే. ఉదాహరణకు యూనిట్ ధర లక్ష అనుకుంటే 40 శాతం అంటే 40 వేలు. మీరు లక్షన్నర మోటారు కొన్నా వచ్చేది ఆ 40 వేలే, మీ మీద పడేది లక్షా పది వేలు. పెద్ద మోటారు ఆశలో ఈ లెక్క మరిచిపోకండి. మీ యూనిట్‌కు ఈ ఏడాది నిర్ణయించిన ధర ఎంతో మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి రాసుకోండి.

దుకాణం ఇచ్చే కొటేషన్ మీద నాలుగు సంగతులు రాయించండి. మోటారు హెచ్.పి. ఒకటి. కాలు పొడవు రెండు. ఫ్యాన్ అడ్డం కొలత, పిచ్ మూడు. పరీక్షలో చుట్లు అందకపోతే ఫ్యాన్ మార్చి ఇస్తామన్న మాట నాలుగు. కాగితం మీద ఉంటేనే అది మాట కింద లెక్క.

మోటారు లేని నావకు మొదటిసారి పెడుతుంటే రిజిస్ట్రేషన్‌లో ఆ మార్పు చేయించాలి. మోటారు పెట్టాక వేట నిషేధం 61 రోజులూ మీకూ వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు, ఇంజిన్ నంబరు ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఇంజిన్ నంబరు పలకను ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

7. వచ్చాక కాపాడుకోవడం

వేట నుంచి రాగానే మోటారు కాలు మంచినీళ్ల డ్రమ్ములో పెట్టి అయిదు నిమిషాలు నడపండి. లోపలి ఉప్పు పోతుంది. ఫ్యాన్ వెనక వల దారం చుట్టుకుంటే ఆ రోజే విప్పి తీయండి. లేదంటే సీలు కోసుకుపోయి గేరు పెట్టెలోకి నీళ్లు చేరతాయి. గేరు ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే, అలా నడపొద్దు. కాలికి బిగించిన జింకు ముక్కకు రంగు వేయొద్దు. తుప్పంతా అది తన మీద వేసుకుని మోటారును కాపాడుతుంది.

మోటారు ఆపే స్విచ్చుకు ఎర్ర తాడు ఉంటుంది. దాన్ని నడిపేవాళ్ల చేతికి కట్టుకోండి. మనిషి జారి పడితే మోటారు ఆగుతుంది. లైఫ్ జాకెట్ తెప్పలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డు నంబరు 1554, మెరైన్ పోలీసు నంబరు 1093. ఈ రెండూ ఇప్పుడే ఫోన్‌లో ఎక్కించుకోండి.

చివరిగా

ఆ బాబాయ్ గారి సంగతి చెప్పాలి కదా. తర్వాత వచ్చిన వేట నిషేధంలో ఆయన పలక కొత్తగా కట్టించారు. కట్టించేటప్పుడే ఎత్తు 15 నుంచి 20 అంగుళాలకు పెంచారు. నీరు పీల్చిన ఫోమ్ తీయించి పొడిది పెట్టించారు. ఫ్యాన్ పిచ్ 10 నుంచి 8కి మార్చారు. నిండు బరువుతో పరీక్ష చేస్తే 5,050 చుట్లు వచ్చాయి. అదే మోటారు, అదే తెప్ప. ఇప్పుడు రోజూ వేటకు పోతోంది. అప్పు ఇంకా కొంత ఉంది. ఆ నాలుగు నెలల వడ్డీ ఎవరిచ్చేదీ కాదు. ఒక్క పూట టేపు, మీటరు పట్టుకుని ఉంటే ఆ వడ్డీ పడేదే కాదు.

మొన్న కనిపించి, "ఇప్పుడు రాయండి బాబూ, ఫొటో కూడా తీసుకోండి" అన్నారు. "మీ పేరు వేయను బాబాయ్, మీ తెప్ప కొలతలు వేస్తా" అన్నాను. అలాగే వేశాను.

సంతకం పెట్టే ముందు ఈ కాగితం నింపుకోండి.

పలక గట్టిగా ఉందా: అవును / కాదు
పలక ఎత్తు: ........ అంగుళాలు
నీటిలో తెప్ప పొడవు: ........ అడుగులు
నిండు బరువు: ........ టన్నులు
కావలసిన హెచ్.పి.: ........
ఫ్యాన్ అడ్డం కొలత, పిచ్: ........
నిండు బరువుతో వచ్చిన చుట్లు: ........
పుస్తకంలో ఉన్న చుట్లు: ........

చివరి రెండు గీతలూ మోటారు వచ్చాక నింపాలి. మిగతావన్నీ కొనకముందే. నింపిన కాగితం తీసుకుని మీ మత్స్య సహాయకుల దగ్గరికి వెళ్లండి, అర్థం కానిది అడగండి. చదవడం రాని పెద్దవాళ్లకు ఇంట్లో చదువుకునే పిల్లలు చదివి వినిపించండి.

ముందు కొలవండి, తర్వాత కొనండి. అందరూ క్షేమంగా వేటకు వెళ్లి, క్షేమంగా దరికి రావాలి.